నీళ్ల పైపుకు కెమెరా

తార్నాకలో తమ వీధిలో ఎవరిదో స్కూటీ పోయిందని అచ్యుతరామయ్యగారు ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు బిగించారు. దొరికినవి దొరికినట్టు కొనడంతో ఒక్కోటి ఒక్కో కంపెనీది. ఫోనులో ఒక్కోదానికి ఒక్కో యాప్, ఒక్కో పాస్‌వర్డ్. నెల తిరక్కుండానే ఆయన చూడటం మానేశారు. ఆయన భార్య కాత్యాయని అసలు మొదలే పెట్టలేదు.

మేడ మీది గదిలో అద్దెకుంటున్న నవత యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతోంది. జనగామ వైపు పిల్ల. ఒక ఆదివారం హాల్లో మూలనున్న పాత కంప్యూటర్ మీద దుమ్ము తుడిచి, "ఆంటీ, దీంట్ల ఒక సాఫ్ట్‌వేర్ వేస్తా. నాలుగు కెమెరాలు ఒక్క దగ్గర్నే కనపడ్తయ్" అంది.

సాయంత్రానికి తెర నాలుగు ముక్కలైంది. గేటు, మెట్లు, పెరడు, పక్కసందు. కాత్యాయనికి కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఇంటిపనికి వారాసిగూడ నుంచి వచ్చే సోమమ్మ గేటు తీయడం చూసి, ఆమె మెట్లెక్కేలోపే వెళ్లి తలుపు తీసింది.

"బెల్లు కొట్టకముందే ఎట్ల తెలిసిందమ్మా?" అని సోమమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

నవత ఇంకో సంగతి చూపించింది. తెర మీది బొమ్మలో మౌస్‌తో ఒక గడి గీయాలి. ఆ గడిలో ఏది కదిలినా ఫోను మోగుతుంది. గడి బయట ఏం జరిగినా పట్టించుకోదు.

"గేటు మీద గీయండి ఆంటీ."

కాత్యాయని గేటు మీద గీసింది. కానీ ఆమె చూపు పక్కసందు బొమ్మ మీదికి పోయింది. అక్కడ ఓ మూల, నీళ్లు నిలవచేసే సంపు పక్కన, నల్లా పైపు కనిపిస్తోంది.

"నవతా, ఇది నీళ్లొచ్చాయని చెప్పగలదా?"

వాళ్ల వీధికి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. పొద్దున తొమ్మిదికి రావచ్చు, మధ్యాహ్నం మూడింటికీ రావచ్చు. మొదట పావుగంట బురదనీళ్లు పడతాయి. వాటిని బయటికి వదిలేసి, తేటపడ్డాక వాల్వు తిప్పి సంపులోకి మళ్లించాలి. అందుకని నీళ్ల రోజున కాత్యాయని గడప దాటేది కాదు. స్నానానికి వెళ్లినా చెవి సందువైపే ఉండేది.

నవత కళ్లు మెరిశాయి. "ఎందుకు చెప్పదు ఆంటీ! పైపు మూతి మీద గీయండి."

మర్నాడు ఫోను నలభైసార్లు మోగింది. ఒకసారి ఉడత, ఒకసారి కాకి, మిగతాదంతా వేపకొమ్మ నీడ. నవత తల పట్టుకుంది. కాత్యాయని మాత్రం లోపలికి వెళ్లి జానెడు ఎర్ర రిబ్బను తెచ్చి పైపు మూతికి కట్టింది.

"నీళ్లు పడితే ఇది ఆగకుండా ఊగుతుంది కదా. ఉడత అయితే వచ్చి పోతుంది. కాసేపు వరసగా కదిలితేనే మోగమని దానికి చెప్పలేవా?"

"ఆంటీ, మీరు ఎంసీఏల చేరుండ్రి!" అంటూ నవత అప్పటికప్పుడు ఇరవై సెకన్లు పెట్టింది. గడిని కూడా రిబ్బను మేరకు కుదించింది.

ఆ వారమే డిపార్ట్‌మెంట్‌లో విద్యార్థుల ప్రాజెక్టుల ప్రదర్శన పడింది. నవత తన ప్రాజెక్టుగా దీన్నే ఇచ్చింది. "మీరు రావాల్సిందే" అని కాత్యాయని దగ్గర పట్టుబట్టింది. తీరా చూస్తే అది నీళ్ల రోజు. అచ్యుతరామయ్యగారు పెళ్లికని కాకినాడ వెళ్లారు. పోయిన విడత నీళ్లు అందక సంపు అడుగు కనిపిస్తోంది. అయినా కాత్యాయని గేటుకు తాళం వేసింది.

పదకొండున్నరకు నవత పెద్ద తెర మీద పక్కసందును చూపిస్తూ మాట్లాడుతోంది. ముందు వరసలో ప్రొఫెసర్లు కూర్చున్నారు. ఉన్నట్టుండి ఎర్ర రిబ్బను వణికింది. తర్వాత నిటారుగా సాగి టపటపా కొట్టుకోసాగింది. కాత్యాయని చేతిలో ఫోను గణగణా మోగింది.

"నీళ్లు!" అని ఆమె లేచి నిలబడింది. "నవతా, నీళ్లొచ్చాయి!"

తెర నిండా ఎర్రమట్టి నీళ్లు. హాలంతా ఒక్కసారి చప్పట్లు. ముందు వరసలోని పెద్దావిడ నవ్వుతూ, "ఇంకేం చూపిస్తావమ్మా, ముందు వెళ్లి పట్టుకో" అంది.

ఇద్దరూ మెట్లు దిగి రోడ్డు మీదికి పరుగెత్తారు. అరవై రెండేళ్ల కాత్యాయని కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెడుతుంటే విద్యార్థులు పక్కకి జరిగి దారిచ్చారు. ఆటో దొరికింది.

"తార్నాక! జల్దీ పోనీ అన్నా!" అంది నవత.

ఆటోలో ఇద్దరి తలలూ ఒక్క ఫోను మీదే. ఎరుపు కాస్తా టీ రంగైంది. "అయ్యో, తేటపడిపోతోంది" అంది కాత్యాయని. సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే ఆమె కాలు దానంతటదే నేలను తన్నింది. డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఏందమ్మా, దొంగలు పడ్డరా ఇంట్ల?" అని అడిగాడు.

"కాదు నాయనా, నీళ్లు!"

"అరె, గట్ల చెప్పరాదు!" అని అతను పచ్చలైటు పడగానే ఆటోను దూకించాడు.

తాళం తీసేసరికి పైపులోంచి నీళ్లు అద్దంలా పడుతున్నాయి. కాత్యాయని రెండు చేతులా వాల్వు తిప్పింది. సంపులో నీళ్లు పడుతున్న చప్పుడు వినగానే నవతను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఇద్దరికీ రొప్పు, ఇద్దరికీ నవ్వు.

గిన్నెలు తోమడానికి వచ్చిన సోమమ్మ కథంతా విన్నది. నవ్వలేదు. "అమ్మా, మా గల్లీల ఒక్క నల్లాకు పన్నెండిండ్లు. ఎప్పుడొస్తయో తెల్వక రోజుకొకరం పని ఎగ్గొట్టి కూసుంటం. గిది మాకు పెట్టరాదు?"

కెమెరా లేదే అనబోయి కాత్యాయని నవతవైపు చూసింది.

"పాత ఫోనున్నా చాలు. దాన్నే కెమెరాలెక్క వాడొచ్చు" అంది నవత.

మర్నాడు సాయంత్రం ముగ్గురూ వారాసిగూడ గల్లీలో ఉన్నారు. నల్లా చుట్టూ ఆడవాళ్లు మూగి, ఫోను ఎవరి కిటికీలో పెట్టాలో గట్టిగా వాదించుకుంటున్నారు. కాత్యాయని స్టూలెక్కి, పాత ఫోనును నల్లావైపు పట్టుకుని, "మీరంతా కాస్త పక్కకి జరగండి, నల్లా కనపడటం లేదు!" అని కేక వేసింది.