కళ్ళు మూసుకుంటే నేనేం చేయను!

నేను ఒక కంప్యూటర్ని. చంకలో పెట్టుకు తిరిగే నాజూకు రకం కాదు, బల్ల కింద డబ్బాలా కూర్చునే పాత రకం. కాకినాడలో ఒక కొట్టాయన నన్ను అతికించాడు. డబ్బా ఒకచోటిది, ఫ్యాను ఇంకోచోటిది, లోపలి బోర్డు ఎక్కడిదో ఆయనకే తెలియదు. మొదట ఒక ఫొటో స్టూడియోలో పనిచేశాను. పెళ్ళికూతుళ్ళ మొహాలు తెల్లగా చేసీ చేసీ విసుగొచ్చింది. స్టూడియో మూతపడ్డాక రామచంద్రపురంలో మాణిక్యాంబ గారింటికి చేరాను.

ఆవిడ ఇంట్లోనే శుభలేఖలు తయారుచేసి ప్రెస్సుకి పంపుతుంది. వినాయకుళ్ళు, అరటిచెట్లు, నెమళ్ళ అంచులు, ఇన్నేళ్ళుగా ఆవిడ పోగుచేసుకున్నదంతా నా కడుపులోనే ఉంది. ఆవిడ వాడే తెలుగు అక్షరాలు పాతకాలపువి. విండోస్‌లో తప్ప ఇంకెక్కడా సరిగ్గా కనిపించవు. ఈ సంగతి ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. తెలియనిది ఆవిడ భర్త భావనారాయణ గారికే.

ఆయన టెలిఫోన్ల ఆఫీసులో రిటైరై, ఇప్పుడు రోజంతా ఫోన్లో వీడియోలు చూస్తాడు. అందులో ఎవడో పాత విండోస్‌కి కాలం చెల్లిందనీ, దాని బదులు కంప్యూటర్ని నడిపే లినక్స్ అనే ఇంకోటి పెట్టుకుంటే ముసలి కంప్యూటర్ కూడా పరుగెడుతుందనీ చెప్పాడు. నన్ను ముసలి అన్నవాడి మొహం ఒకసారి చూడాలని ఉంది. ఈయనకి మాత్రం పూనకం వచ్చేసింది.

ఒక బుధవారం మాణిక్యాంబ చెల్లెలింట్లో సీమంతానికి మండపేట బయల్దేరింది. "సర్పంచి గారింటి శుభలేఖ సాయంత్రం ప్రెస్సుకి పంపాలండి. కంప్యూటర్ జోలికెళ్ళకండేం" అని మరీ చెప్పింది. చెప్పకపోతేనే బాగుండేది. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే ఆయన పంచాంగం తీశాడు. లినక్స్‌కి ముహూర్తమేమిటని నన్నడక్కండి. ఈయన కొత్త చెప్పులు కూడా వర్జ్యం చూసుకుని వేసుకుంటాడు.

ముందు ఆవిడవన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. నేను నిదానంగా పనిచేసేదాన్ని, సగం కూడా కాలేదు. ఇంతలో వాళ్ళమ్మ సూరమ్మగారు గడియారం చూసి, "ఒరేయ్ నారాయణా, దుర్ముహూర్తం వచ్చేత్తందిరా!" అని కేకేసింది. ఆయన ఆ పెన్ డ్రైవు చటుక్కున పీకేసి, లినక్స్ ఎక్కించి ఉంచుకున్న ఇంకోటి గుచ్చాడు.

నేను పద్ధతి ప్రకారం అడిగాను. ఉన్నదంతా తుడిచేయనా, ఉన్నది ఉంచి పక్కన కొత్తది పెట్టనా? ఆయన మొదటిది చదివి, "అంతా తుడిచేస్తానంటోందమ్మా" అంటూ దానిమీదే నొక్కబోయాడు. సూరమ్మగారు నెత్తి బాదుకుంది. "శుభమా అని మొదలెడతా తుడిచెయ్యడమేట్రా! తథాస్తు దేవతలుంటారు. ఆ మాట మీద చెయ్యెట్టకు!" ఆయన హడలిపోయి, రెండోదేమిటో చదవకుండానే నొక్కేశాడు.

అలా విండోస్ పక్కనే లినక్స్ చేరి, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. పనంతా అయ్యి నేను మళ్ళీ లేచినప్పుడు, "లినక్సా, విండోసా?" అని తెర మీద మర్యాదగా అడిగాను. చూసేవాళ్ళేరీ? సూరమ్మగారు నాకు హారతిచ్చింది. తల్లీ కొడుకూ కళ్ళు గట్టిగా మూసుకుని దండం పెట్టుకుంటున్నారు. ఎవరూ ఏదీ నొక్కకపోయేసరికి కాసేపు ఆగి, లినక్స్ తెరిచేశాను. నాకైతే భలే నవ్వొచ్చింది.

సాయంత్రం మాణిక్యాంబ వచ్చి నా ముందు కూర్చుంది.

"ఏవండీ, నా శుభలేఖలేయి?"

"కంగారు పడకే, అన్నీ ఇందులో ఉన్నాయి" అంటూ ఆయన పెన్ డ్రైవు పెట్టాడు. సర్పంచి గారిది అందులో లేనే లేదు. ఉన్నవి తెరిస్తే వధువు చోట పిచ్చి గీతలు, వరుడి చోట గళ్ళు.

"ఈ ఊళ్ళో నేను ఫలానా వారి కోడల్ని, ఫలానా వారి పెళ్ళాన్ని అండి. మాణిక్యాంబ ఉందా అని పేరెట్టి అడిగొచ్చేది ఆ శుభలేఖల కోసమే. అదీ లేకుండా చేశారు" అని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన పెన్ డ్రైవు పీకి మళ్ళీ గుచ్చాడు.

అప్పటిదాకా సరదా పడిన నాకు ఆవిడ ఏడుపు చూసి ఫ్యాను ఆగినంత పనైంది. ఇక్కడే ఉన్నాయి తల్లీ అని చెబుదామంటే నాకు నోరేదీ?

చివరికి సూరమ్మగారే, "ఓసారి ఆపి మళ్ళీ వెయ్యమ్మా. మన టీవీకి అలాగే చేత్తాం గదా" అంది. మాణిక్యాంబ విసురుగా ఆపి, మళ్ళీ వేసింది. తల్లీ కొడుకూ అలవాటుగా చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు.

నేను మళ్ళీ అదే అడిగాను, లినక్సా, విండోసా అని. ఆవిడ కళ్ళు తెరుచుకునే ఉంది.

"దండాలు తర్వాతండి అత్తయ్యగారూ! ఇదేదో అడుగుతోంది చూడండి!"

ఆవిడ విండోస్ మీద నొక్కింది. వినాయకుడు, నెమళ్ళు, సర్పంచి గారి శుభలేఖ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది. ఆయనకి గొంతు లేచింది. "నేను కావాలనే రెండూ ఉంచానే మాణిక్యం." చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి! సూరమ్మగారేమో అంతా హారతి మహిమ అంది.

మర్నాడే ఆవిడ కాకినాడ కొట్టాయనకి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు చేసి, ఎవరూ ఏదీ నొక్కకపోతే విండోసే తెరుచుకునేలా నన్ను మార్చింది. లినక్స్‌ని మాత్రం తీసెయ్యలేదు. "మీ వాటా మీదే. అడిగినప్పుడు నొక్కి వెళ్ళండి" అని భర్తతో చెప్పింది.

ఆయన రోజూ పొద్దున్నే కాఫీ తాగి వచ్చి నా స్విచ్చి వేస్తాడు. నేను ఎప్పటిలాగే అడుగుతాను. ఆయన భక్తిగా కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటాడు. తెరిచేసరికి విండోస్ వచ్చేసి, మాణిక్యాంబ వినాయకుడు ఎదురుగా కూర్చుని ఉంటాడు. పాపం, ఆయన ఇంతవరకూ తన వాటాలో అడుగుపెట్టింది లేదు. దండం మాత్రం మానడు.