మంచు పట్టని ఫ్రీజరు

సర్వాంతర్యామి ఫ్రీజరులో కూడా ఉంటాడా అన్నది ఏళ్ల తరబడి నాకున్న అనుమానం. ఉంటే అందులో పెట్టిన కోఎంజైము ఎందుకు పాడవుతుంది? రోజూ పూజ చేసుకునేదాన్ని, ఇలా అడగడం తప్పేమో. అయినా అడుగుతూనే ఉన్నాను.

మా ప్రయోగశాలలో కోఎంజైము అనే ఆ లేత పసుపు పొడిని చూసుకునే పని నాది. అది తోడు లేకపోతే ఎంజైము కదలదు. పైగా వట్టి పేచీకోరు. తడి తగలకూడదు, వెలుతురు పడకూడదు. చల్లటి సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు; తీస్తే గాలిలోని తేమంతా లోపలికి దూరుతుంది. ఆ కాసేపూ నేను జపం చేసుకుంటాను.

పక్క ల్యాబు మా అక్క మొగుడిది. నేను చేరిన కొత్తలో పొడి నిండుకుంటే బావ ఒక చిన్న ట్యూబుడు ఇచ్చాడు. తిరిగి ఇవ్వబోతే ఇప్పటిదాకా తీసుకోలేదు. తీసుకుంటే దెప్పడానికి ఏం మిగులుతుంది? "మీ చెల్లెలు నాకు బాకీ" అని అక్కతో అనకపోతే ఆయనకు ముద్ద దిగదు.

ఒకరోజు పొద్దున్నే పరుగెత్తుకొచ్చాడు.

"మరదలా, మెషీన్లో గీత కదలట్లేదు, ఎంజైము పనిచెయ్యట్లేదు! కాలేయ కణాలు సాయంత్రం దాటితే పనికిరావు. మళ్లీ దొరకవు. ఇన్నేళ్ల పని నేలపాలు."

"కోఎంజైము ఎక్కడ పెట్టారు?"

"కొత్త ఫ్రీజరులో. మంచు పట్టదు, గోకే బాధ లేదని కొన్నాను. పట్టకుండా అది మధ్యమధ్య తనే వేడెక్కుతుందని ఇప్పుడు గుర్తొచ్చింది. నీళ్లలో కలిపి ట్యూబుల్లో పెట్టిందంతా కరగడం, గడ్డకట్టడం, మళ్లీ కరగడం..."

"అంటే రోజూ వేడినీళ్ల స్నానమా బావా?"

"నవ్వు, నవ్వు. ముందు పొడి ఇవ్వు."

మా సీసా బయటికి తీశాను. ఆయన చెయ్యి మూత మీదికి పోయింది. లాగేశాను.

"నీ దేవుడితో చెప్పి త్వరగా వేడెక్కించవోయ్!"

"మీ మాటైతే వినడు. ఎన్నడైనా పలకరించారా?"

బల్ల పక్కన నిలబడ్డాం. కాసేపటికి బావ పెదవులు కదలడం చూశాను.

"జపమా?"

"తిట్టుకుంటున్నాను."

చివరికి మూత తీసి, ఒక ట్యూబులోకి పొడి తూచి ఇచ్చాను. ఆయన అప్పటికప్పుడు కలిపి కణాల రసంలో వేశాడు. తెర మీద గీత మొండికేసినట్టు ఆగి, మెల్లగా కిందికి దిగసాగింది. ఎంజైము పని మొదలుపెట్టిందన్నమాట. బావ కుర్చీలో కూలబడ్డాడు. ఊపిరి పీల్చుకున్నాక ఖాళీ ట్యూబును ఎగాదిగా చూశాడు.

"ఇది ఒక ట్యూబుడే కదా?"

"అవును బావా, సరిగ్గా ఒకటే."

ఫోను తీసి అక్కకు చేశాడు. "ఏమోయ్, మీ చెల్లెలు బాకీ తీర్చేసింది" అన్నాడు, ఎవరో పోయినట్టు.