ఫ్రిజ్ మీద బొమ్మ

ప్రొటీన్ మెలికలు తిరిగి ఏ ఆకారంలో కుదురుకుంటుందో కంప్యూటర్‌తో అంచనా కట్టడం నా ఉద్యోగం. ఇంట్లోవాళ్లకు మాత్రం నేను డాక్టర్‌కంటే ఎక్కువ. అందుకే కూతురి రిపోర్టు చేతికి రాగానే అక్క మొదట నాకే పంపింది.

అక్క కూతురికి ఆరేళ్లు. ఒక్కచోట నిలవదని పిచుక అని పిలిచేవాళ్లం. ఈ మధ్య మెట్లెక్కాలంటే కాళ్లు నొప్పులంటోంది. కండరాలకు కావలసిన ఒక ప్రొటీన్‌ను రాసే జన్యువులోని అక్షరాల వరుసలో ఒకటి మారిందని రిపోర్టులో ఉంది. దానివల్ల హాని ఉందో లేదో తేలాలంటే కాలి కండలోంచి చిన్న ముక్క తీసి చూడాలని డాక్టర్ అన్నాడట. కోత అనగానే అక్క గుండె జారిపోయింది. నన్నొకసారి చూసిపెట్టమంది.

చూశాను. మామూలు ప్రొటీన్, పిచుక ప్రొటీన్ రెండింటి ఆకారాలూ ప్రోగ్రాంతో తీయించి ఒకదానిమీద ఒకటి పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. నాకూ కావలసింది అదే మరి. ఆ బొమ్మ అక్కకు పంపి, కింద "ఏమీ లేదు" అని రాశాను. అక్క పరీక్ష మానేసింది.

నాలుగు నెలలయ్యాక, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి పని నేర్పుతున్నాను. ఈ ప్రోగ్రాంను ఎక్కడ నమ్మకూడదో చూపించడానికి మేం ఎప్పుడూ చేసేదొకటుంది. రోగం తెస్తుందని ఖాయంగా తెలిసిన మార్పును దానికి ఇస్తాం. అది చెక్కుచెదరని ఆకారాన్నే గీసి చూపిస్తుంది. వేల జీవుల్లోని ప్రొటీన్లను చూసి నేర్చుకుంది కాబట్టి ఒక్క అక్షరం మారితే లెక్కచేయదు. దీన్ని చూసి రోగం లేదని ఎవరికీ చెప్పకూడదు అంటూ అంటూ ఆగిపోయాను. ఏటా నేను చెప్పే పాఠమే. సొంత మనిషి అడిగేసరికి అది నా బుర్రలోంచి ఎలా ఎగిరిపోయిందో!

వరండాలోకి వెళ్లి అక్కకు ఫోన్ చేశాను. ఆ బొమ్మతో ఏదీ తేలదని, తప్పు నాదేనని, వెంటనే పరీక్ష చేయించమని చెప్పాను.

"దాన్ని ఫ్రిజ్ మీద అంటించానే. పిచుక కాళ్లు నొప్పులన్నప్పుడల్లా అది చూపించి, వేషాలెయ్యకు, పిన్ని ఏమీ లేదంది అని తిట్టాను. నిన్న కొట్టాను కూడా."

నాకు ఏడుపు ఆగలేదు. పక్కనే ఉండి స్పీకర్‌లో అంతా విన్నట్టుంది, పిచుక ఫోన్ అందుకుంది.

"అయితే నావి దొంగ నొప్పులు కాదా, పిన్నీ?"

దాని గొంతులో సంతోషం. కాదమ్మా అన్నాను.