లాప్‌టాప్ కింద రిజిస్టరు

నేను ఒక రిజిస్టరును. గట్టి అట్ట, వీపుకు ఎర్రగుడ్డ, కడుపులో రెండు వందల పేజీలు. మొదటే చెప్పేస్తున్నాను, నాకు అసూయ ఎక్కువ. ఆ అసూయలో పడి ఒక ఆడపిల్లకు కీడు జరుగుతుంటే చూసి మురిసిపోయాను. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు.

కరీంనగర్‌లో ఒక బైండింగు దుకాణంలో పుట్టాను. మైదాపిండి లేయి పూసి, బరువు కింద రెండు రోజులు నొక్కి పెట్టి, పేజీపేజీకీ అంకె కొట్టారు. నా అట్ట మీద 'ప్రయోగశాల సామగ్రి' అని రాసి సిరిసిల్ల దగ్గర ఒక సర్కారు హైస్కూలుకు పంపారు. అక్కడ హెడ్మాస్టరు నన్ను గుమస్తాకు అప్పగించాడు, గుమస్తా బీరువాకు అప్పగించాడు. ప్రయోగశాలలో సామగ్రి ఉంటేనే కదా నాలో రాయడానికి! రెండు గాజు గొట్టాలు, మూత పోయిన ఒక స్పిరిటు దీపం, అంతే. మొదటి పేజీ సగం కూడా నిండలేదు. నాలుగేళ్లు అలా ఖాళీ కడుపుతో పడుకున్నాను.

నన్ను లేపింది లెక్కల టీచరు కళావతి మేడం. పదో తరగతి అయ్యాక మన పిల్లలు ఎటు పోతున్నారో ఎవరికీ పట్టడం లేదని ఆమె బాధ. ఫలానా కాలేజీ వాళ్లు ఇంటికొచ్చి ఒక సంచీ, ఒక టిఫిన్ డబ్బా చేతిలో పెడితే చాలు, అందులో చేరిపోయేవాళ్లు. స్నేహితురాలు ఏ గ్రూపు తీసుకుంటే తనూ అదే తీసుకునేవాళ్లు. మేడం దీనికి ఒక పద్ధతి పెట్టింది. జనవరిలో ఒక్కొక్కరినీ పిలిచి నా ముందు కూర్చోబెట్టేది. మనిషికి ఒక పేజీ. పైన 'నాకేం కావాలని ఉంది' అన్నచోట పిల్లలే తమ చేత్తో రాయాలి. అమ్మానాన్నలు చెప్పింది రాస్తే కొట్టేయించేది. దాని కింద మేడం ఎర్ర సిరాతో మూడు దారులు రాసేది: మొదటిది రాకపోతే రెండోది, అదీ రాకపోతే మూడోది. ఏ పరీక్ష, ఎప్పటికల్లా, ఏ సర్టిఫికెట్లు, అన్నీ ఉండేవి. పిల్లవాడికి సీటు వచ్చాక పేజీ మూలన ఒక టిక్కు పెట్టేది. ఆ టిక్కు పడినప్పుడల్లా నా ఒళ్లు పులకరించేది.

అలా అయిదేళ్లు మహారాణిలా బతికాను. మేడం బల్ల మీద కుడిచేతి పక్కన నాదే చోటు. పిల్లలు నాకు పేర్లతో కాదు, పేజీ అంకెలతో గుర్తు.

ఆరో ఏడాది నా ఇంట్లోకి సవతి వచ్చింది. నల్లగా, సన్నగా, మూత తెరిస్తే ముఖం వెలిగే లాప్‌టాప్. పోనీ సర్కారు పంపిందా అంటే అదీ కాదు. నా మొదటి ఏడాది పిల్లలు కలిసి బడికి కొనిచ్చారు. వాళ్లను కూడగట్టింది ఎవరో కాదు, నా పద్నాలుగో పేజీ! నా ఒంటి మీద ఎర్ర సిరాతో దారి చూపించుకుని ఉద్యోగం దాకా పోయిన వాడు తిరిగొచ్చి నాకు చేసిన మర్యాద అది. కడుపు మండిపోయింది.

దాని వెంట అనుదీప్ సారు వచ్చాడు. కొత్తగా చేరిన కంప్యూటరు టీచరు, మంచివాడే, ఆ మంచితనం కూడా నాకు గిట్టేది కాదు. నన్ను ముందు పెట్టుకుని పిల్లల వివరాలన్నీ ఆ పెట్టెలోకి ఎక్కించాడు. పని అయ్యాక అది వేడెక్కుతున్నదని, కింద ఎత్తుగా ఏదైనా ఉండాలని అటూ ఇటూ చూసి, నన్ను తీసి దాని కింద పెట్టాడు. ఇక చూసుకోండి నా బతుకు. పైన ఆ పెట్టె ముఖంలోకి మేడం చూస్తూ నవ్వుతుంటే, కింద దాని వేడంతా నేను భరించాలి.

మార్చిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. మా ఊళ్లో ఏ కాలేజీ పేరు చెప్పినా పెద్దవాళ్లు మొదట అడిగేది ఒకటే మాట: "ఎంత దూరం?" కోర్సు ఏమిటో తర్వాత. ఆడపిల్ల అయితే ఆ తర్వాత కూడా అడగరు. అనుదీప్ సారు వాళ్లకు అనువుగా ఉంటుందని ఒక్క నొక్కు నొక్కాడు. ఒక్కొక్కరి పేరు కింద ఉన్న మూడు దారులూ దగ్గరది పైకి, దూరానిది కిందికి సర్దుకున్నాయి. గోడ మీద బొమ్మ పడగానే పెద్దవాళ్లు "మంచిగున్నది సారు" అన్నారు. ఆ జాబితానే అందరి ఫోన్లకూ పంపాడు. మేడం రాసిన వరుస చెదిరిపోయిందని అతనికి తట్టలేదు. మేడం చూడలేదు.

నేను చూశాను. చూసి మురిసిపోయాను. రేపు ఈ తప్పు బయటపడుతుంది, మేడం ఆ పెట్టెను విసిరికొట్టి మళ్లీ నన్ను ఒళ్లోకి తీసుకుంటుంది అనుకున్నాను. తప్పు బయటపడే లోపల అది ఎవరి బతుకు మీద పడుతుందో నేను ఆలోచించలేదు. అసూయకు అంత చూపు ఉండదు.

జూన్ వచ్చింది. పాలిటెక్నిక్ సీట్లకు వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీల వరుస, ఇంటర్నెట్‌లో పెట్టే రోజులు. పైన పెట్టిన కాలేజీలో సీటు వస్తే కింద రాసినవన్నీ పోయినట్టే. మార్చుకోవడానికి ఆఖరి రోజు మధ్యాహ్నం, బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం బోగ హరిణి వచ్చింది. నా నూట డెబ్బై ఒకటో పేజీ. తండ్రి దేవదాసు మరమగ్గాల షెడ్డులో పని చేస్తాడు. పిల్లది నెమ్మది, గట్టిగా పిలిస్తే బెదిరిపోతుంది. ప్రవేశ పరీక్షలో మాత్రం మంచి ర్యాంకు తెచ్చుకుంది.

"ఆప్షన్లు పెట్టినవా బిడ్డా?" అని మేడం అడిగితే చేతిలోని కాయితం ఇచ్చింది. మొదటిది ఇంటిపక్క కాలేజీలో సివిల్. హైదరాబాదులో మెకానికల్ ఎక్కడో అడుగున ఉంది.

"ఏందమ్మా ఇది? నువ్వు మెకానికల్ గావాలె అన్నట్టు గుర్తు."

మేడం లాప్‌టాప్ తెరిచి చూసింది. అందులోనూ సివిలే మొదట ఉంది. "ఓ, తర్వాత మార్చుకున్నవా? సరేలే, దగ్గర ఉంటది," అని సంతకం పెట్టడానికి కలం తీసింది.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఆ పిల్ల తన పేజీలో ఏం రాసిందో నాకు తెలుసు. ఆ మాటలు నా ఒంటి మీదే ఉన్నాయి, పైన ఈ దయ్యం కూర్చుని ఉంది, నాకేమో నోరు లేదు. తప్పు బయటపడాలని మొక్కుకున్నదాన్ని, ఇప్పుడు బయటపడకుండానే ముగిసిపోతుంటే వణికిపోయాను. ఇంకాసేపట్లో ఆ పిల్ల మూడేళ్లు ఆ వరుసకు కట్టుబడిపోతుంది.

హరిణి కదలలేదు. చున్నీ కొన వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"మేడం, నేను మార్చుకోలే. కంప్యూటర్‌ల గట్లనే వచ్చింది. నా మార్కులకు గదే వస్తదని పెట్టిన్రు గావచ్చు అనుకున్న."

మేడం కలం ఆగింది. "అట్లెందుకు అనుకున్నవు?"

"కంప్యూటర్‌ల వచ్చినంక ఇగ అడగొద్దేమో అనుకున్న మేడం." లాప్‌టాప్ కింద ఉన్న నన్ను చూపించి, "రిజిస్టర్‌ల నా చేతితోని రాసిన. ఒక్కసారి చూడుండ్రి," అంది. ఆరేళ్లలో ఎవరూ నా పేరు అంత ధైర్యంగా తలవలేదు.

మేడం లాప్‌టాప్ పక్కకు జరిపి నన్ను లాగింది. నూట డెబ్బై ఒకటి. పైన నీలి సిరాతో గుండ్రటి అక్షరాలు: 'మా నాయన మగ్గం మాటిమాటికి ఎందుకు ఆగుతదో తెలుసుకోవాలని ఉంది.' కింద ఎర్ర సిరాతో మొదటిది మెకానికల్.

"అనుదీప్!" అని మేడం వేసిన కేకకు పక్క గదిలో పాఠం ఆగిపోయింది.

అతను వచ్చి నన్ను చూశాడు, తెరను చూశాడు. "దూరం చూసి సర్దిన మేడం. పేరెంట్స్ అడుగుతరని." పాపం, అతనిని తిట్టుకోవడానికి నాకు మొహం లేదు. అప్పటికే మూడున్నర, ఆరింటికి గడువు ముగుస్తుంది. నా పేజీలు తిప్పుతూ మేడం మిగిలిన వాళ్లకు ఫోన్లు చేసింది. ఇంకో అయిదుగురివి అలాగే తిరగబడి ఉన్నాయి. వాళ్లు ఇంటర్నెట్ సెంటర్లకు పరుగెత్తారు. హరిణి ఆప్షన్లను సారు ఆ లాప్‌టాప్‌లోనే తెరవబోయాడు. తెరవాలంటే దేవదాసు ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. షెడ్డులో ముప్పై మగ్గాలు కొట్టుకుంటుంటే ఫోను మోత ఎవరికి వినిపిస్తుంది? పదకొండు సార్లు చేసి, చివరికి సారు బండి తీశాడు.

దేవదాసును వెనక కూర్చోబెట్టుకుని తిరిగొచ్చేసరికి అయిదు అవుతోంది. అతని తలంతా దూది పోగులే. విషయం విని మొదట అడిగింది అదే మాట.

"ఎంత దూరముంటది మేడం?"

మేడం నా నూట డెబ్బై ఒకటో పేజీ తెరిచింది. నన్ను అతని చేతిలో పెట్టింది. అతను కూడబలుక్కుంటూ చదివాడు. రెండోసారి చదివాడు. నా పేజీ మీద అతని బొటనవేలి నూనె మరక పడింది.

"నా మగ్గమా?" అన్నాడు కూతురి వైపు చూసి. తర్వాత ఫోను తీసి ఓటీపీ ఆరంకెలూ తనే చదివి వినిపించాడు.

సీటు వచ్చినట్టు మెసేజి ముందు ఆ పెట్టెకే వచ్చింది, నాకు కాదు. అయినా మేడం నన్ను తెరిచి, నూనె మరక పక్కన టిక్కు పెట్టింది. తర్వాతి జనవరితో నా పేజీలు నిండిపోయాయి. కొత్త రిజిస్టరు వచ్చింది, నన్ను బీరువాలో పెట్టారు. లాప్‌టాప్ మాత్రం బల్ల మీదే ఉంది. దానిపై నా అసూయ పోయిందని అబద్ధం చెప్పను.

మొన్న హరిణి వచ్చింది. డిప్లొమా పూర్తయిందట. మిఠాయి డబ్బా మేడం చేతిలో పెట్టి, "పాత రిజిస్టర్ ఉన్నదా మేడం?" అని అడిగింది. బీరువా తలుపు తెరుచుకుంది. నూట డెబ్బై ఒకటో పేజీ తీసి, మగ్గం ఎందుకు ఆగుతుందన్న తన వాక్యం దగ్గర వేలు పెట్టి కాసేపు చూసింది. మేడం కలం అడిగి తీసుకుని, దాని కింద ఒక్క మాట రాసింది.

'తెలిసింది.'

ఆ మాట నాలో ఉంది. ఆ పెట్టెలో లేదు.