ఆఖరి గుక్క నీళ్లు

నేను ఒక మొక్కను. నవ్వకండి. చూస్తే అలా కనపడనని నాకూ తెలుసు. గుప్పిట్లో ఇమిడే ఎండు ముద్దను, పట్టుకుంటే గరగరమంటాను. ఈ బడిలో గదులు ఊడ్చే ఈరమ్మ నన్ను కొబ్బరిపీచు అనుకుని ఒకసారి చెంబు తోమబోయింది కూడా. సమయానికి ఎవరో కేక వేయబట్టి సరిపోయింది, లేకపోతే ఈ కథ చెప్పే యోగం నాకు ఉండేది కాదు.

నేను పుట్టింది ఇక్కడ కాదు. సముద్రాలవతల ఒక ఎడారిలో, బండరాతి చీలికలో. వాన అక్కడ మాట తప్పే చుట్టం. అలాంటి చోట బతకాలంటే ఏదో ఒక విద్య ఉండాలి కదా! మా వంశానిది ముడుచుకునే విద్య. నీళ్లు కరువైతే కొమ్మలన్నీ లోపలికి మడుచుకుని, ఆకలీ దాహం ఎదుగుదలా అన్నీ కట్టిపెట్టి పడుకుంటాం. ఏళ్ల తరబడి పడుకోమన్నా పడుకుంటాం. తడి తగిలిందా, విచ్చుకుని మళ్లీ పచ్చబడతాం. పువ్వు పూయడం రాదు, కాయ కాయడం రాదు. మాకున్న ఆస్తల్లా ఈ ఒక్క విద్యే.

ఎవరో పెకలించారు, ఎవరో గోతాంలో కుక్కారు, ఎన్ని చేతులు మారానో నాకే తెలియదు. చివరికి అనంతపురంలో ఒక రోడ్డు పక్కన, నీలం పట్టా మీద తేలాను. అమ్మేవాడు గొంతు చించుకుంటున్నాడు. "హిమాలయాల సంజీవని! పూజలో పెట్టుకోండి, పడుకున్న అదృష్టం లేచి కూర్చుంటుంది!" హిమాలయాలు ఏ దిక్కున ఉంటాయో నాకు ఈనాటికీ తెలియదు. మనుషులకు ఉన్నది ఉన్నట్టు చెబితే ఎందుకో ఆనదు. బండ సందులో పుట్టి దాహానికి ఓర్చుకుంది అంటే ఒక్కరూ ఆగరు. దేవుడి కొండ మీది నుంచి ఊడిపడింది అంటే ఎగబడతారు.

ఆ గుంపులోంచి ఒక బక్కపలచని ఆవిడ వంగి నన్ను చేతిలోకి తీసుకుంది. కళ్లకద్దుకోలేదు. వాసన చూసింది, గోటితో గీకి చూసింది. "హిమాలయాల సంగతి సరేలేప్పా, దీనికి ఏర్లు ఉండాయా లేవా?" అని అడిగింది. ఆవిడే శమంతకమణి టీచరు, తుమ్మలకుంట హైస్కూల్లో పిల్లలకు జీవశాస్త్రం చెప్పేది. అమ్మేవాడు విడిగా ఇవ్వనంటే, నన్నూ నాతోపాటు అదే బండ మీద పుట్టిన నా తోడునూ జతగా కొని చేతిసంచిలో వేసుకుంది. బస్సు దిగేదాకా మా నెత్తిన వంకాయలు కూర్చున్నాయి.

తుమ్మలకుంట చూడగానే నాకు పుట్టింటికి వచ్చినట్టనిపించింది. అదే ఎండ, అవే రాళ్లు. ఆ ఊళ్లో వేరుశనగను బుడ్డలంటారు. వాన పడితే బుడ్డలు, పడకపోతే బెంగళూరు, అంతే వాళ్ల బతుకు. బడిలో బోరు ఎప్పుడో ఎండిపోయింది. పిల్లలు ఇంటి దగ్గర్నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకునేవారు. వాళ్లకొక ఆచారం ఉండేది. సీసాలో మిగిలిన ఆఖరి గుక్కను నేలపాలు చేయరు, ఏదో ఒక చెట్టు మొదట్లో పోస్తారు. నీళ్లు ఊరికే పారబోస్తే వచ్చే జన్మలో కాకై దప్పికతో తిరగాలని అవ్వలు వాళ్లను భయపెట్టి ఉంచారు. ఈ ఆచారం గుర్తుంచుకోండి, దీనితో నాకు చాలా పని పడింది.

ఎనిమిదో తరగతి ముందు నా మొదటి ప్రదర్శన. టీచరు గాజు గిన్నెలో నన్ను పెట్టి నీళ్లు పోసింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు. నేనేమో తొందరపడే జాతిని కాను. గంట కొట్టేసరికి ఒక్క కొమ్మ మాత్రం కొంచెం కదిలింది. "ఇదేం సంజీవని మేడం, మా తాత కంటే నిదానం!" అని ఒకడు అనేసి పోయాడు. అందరూ పోయినా ఒక పిల్ల మాత్రం గడ్డం బల్లకు ఆనించి కూర్చుంది. ఆ పిల్ల పేరు సుంకమ్మ. మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చింది కూడా తనే. గిన్నె నిండా విచ్చుకుని ఉన్న నన్ను చూసి కేకలు వేయలేదు, గెంతలేదు. టీచరు రాగానే ఒక ప్రశ్న వేసింది.

"మేడం, ఇది సచ్చిపోయి బతికిందా, సావకనే సచ్చినట్టు పండుకోనుండిందా?"

టీచరు మొహం వెలిగిపోయింది. "మంచి మాట అడిగినావు సుంకమ్మా. నోటితో ఎవరైనా చెప్తారు. చేసి చూద్దాం పా," అంది.

ఆ చేసి చూడటంలో నా తోడు ప్రాణం పోయింది. మధ్యాహ్న భోజనం వండే పొయ్యి మీద గిన్నె పెట్టి దాన్ని మరిగే నీళ్లలో ఉడికించారు, తీసి ఎండలో ఆరబెట్టారు. సముద్రాలు దాటి వచ్చిన తోడు, పప్పుతోపాటు ఉడికిపోయింది. మనుషులు తమ సందేహం తీరడానికి ఎవరినైనా ఉడికిస్తారు, పైగా దానికి ప్రయోగమని పేరు పెడతారు. నన్ను కూడా మళ్లీ ఎండబెట్టి, తర్వాత ఇద్దరినీ పక్కపక్క గిన్నెల్లో తడిపారు. నాకే ఆశ్చర్యం వేసింది, చచ్చిన నా తోడు కూడా నాలాగే విచ్చుకుంది! "రెండూ బతికినాయి మేడం!" అని తరగతంతా అరిచింది. "ఆగండి, తొందరేముంది," అంది టీచరు. రెండు మూడు రోజులకు నేను నడిమి నుంచి అంచుల దాకా పచ్చబడ్డాను. నా తోడు విచ్చుకుని అలాగే ఉంది, గోధుమరంగులో, పలుకూ ఉలుకూ లేకుండా. సుంకమ్మ రెండు గిన్నెల మధ్య నిలబడి అటూ ఇటూ చూసి, "ఇచ్చుకుంటే సాలదు మేడం. పచ్చబడాల," అంది.

ఆ తర్వాత నన్ను మళ్లీ ఎండనివ్వాలని కిటికీ గట్టు మీద పెట్టారు. అక్కడ వచ్చింది తంటా. కరువులో పుట్టిన పిల్లలు కదా, ఎదురుగా ఒక మొక్క ఎండిపోతుంటే వాళ్ల ప్రాణం ఒప్పుకుంటుందా! ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, సీసాలో మిగిలిన ఆఖరి గుక్క నా మీద పోసి, "తాగు మే," అని బుజ్జగించి పోయేవారు. అందరికీ నేనే చెట్టునైపోయాను. ఎండ ఎన్నేళ్లు కాసినా చావని నాకు ఆ జాలితో చచ్చేంత పనైంది. మొదలు మెత్తబడింది, ఒక పక్క కుళ్లడం మొదలైంది. వాసన మొదట పసిగట్టింది సుంకమ్మే. అందరికంటే ఎక్కువ పోసింది కూడా ఆ పిల్లే లెండి. ఏడుస్తూ నన్ను తీసుకుపోయి, మరీ కుళ్లిన కొమ్మలు గిల్లి, రేకుల షెడ్డు మీద ఎండలో పెట్టింది. "ఎండాలంటే ఎండనీయాల కదా మేడం, మాకు తెలీకపాయ," అని వెక్కింది. టీచరు కోప్పడలేదు, కొంగుతో ఆ పిల్ల ముక్కు తుడిచింది.

ఆ ఏడు బుడ్డలు పోయాయి. చెట్టు పీకితే వేళ్లు తప్ప కాయలు రాలేదు. కార్తీకంలో ఒక రోజు సుంకమ్మ నాయన మారెప్ప బడికి వచ్చాడు. బెంగళూరులో కట్టడం పనికి పోతున్నామని, ఇంకా చంక దిగని చిన్నకొడుకును చూసుకోవడానికి ఈ పిల్ల కావాలని, తలొంచుకుని చెప్పాడు. టీచరు బతిమాలింది, కోప్పడింది. "మా ఇద్దరి నెత్తిన సిమెంటు తట్టలుంటే వాణ్ని ఎవురు సూస్తారు మేడం?" అన్నాడు మారెప్ప.

పోయేముందు సుంకమ్మ నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నేను ఎండి ముద్దనయ్యాను. జడకున్న ఎర్ర రిబ్బను విప్పి నా చుట్టూ తిప్పి ముడి వేసింది. "నేనొచ్చి తడుపుతా మేడం. అంతవరకు ఎవురూ ముట్టుకోగూడదు." టీచరు సరేనని నన్ను చెక్క బీరువాలో పై అరన పెట్టింది. ఆ పిల్ల ఇక రాదేమోనని ఆవిడ భయం. నాకూ అదే భయం.

ఉగాది వచ్చింది, పరీక్షలు వచ్చాయి, సుంకమ్మ రాలేదు. కొత్త ఎనిమిదో తరగతి వచ్చి, "మేడం, ఒక్కసారి తడపండి మేడం," అని కాళ్లావేళ్లా పడ్డారు. టీచరు ససేమిరా అంది. ఒకసారి పైనుంచి ఎవరో అధికారి వస్తున్నారని, సంజీవనిని చూపించి తీరాలని హెడ్మాస్టరు పట్టుబట్టాడు. టీచరు తల ఊపి, నన్ను కాకుండా ఉడికిపోయిన నా తోడును తీసి ముందు రోజు సాయంత్రమే గిన్నెలో పెట్టింది. పొద్దునకు అది దర్జాగా విచ్చుకుంది. అధికారి చప్పట్లు కొట్టాడు, పక్కన నిలబడి ఫొటో దిగాడు. "ప్రాణమంటే ఇదయ్యా!" అన్నాడు. పచ్చగా లేదేమని అడిగినవాడు ఒక్కడూ లేడు. బీరువాలో నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండో ఏడు శ్రావణంలో ఊరి దేవత సుంకులమ్మ జాతరకు వలస పోయినవాళ్లంతా ఊరికి వచ్చారు. జాతర ముగిసిన రోజు మధ్యాహ్నం బడి వరండాలో ఎవరో చాలాసేపు నిలబడి ఉన్నారు. పొడుగు పెరిగింది, చేతులు గరుకు తేలాయి, కానీ గడ్డం ముందుకు పెట్టి చూసే ఆ చూపు మారలేదు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని టీచరు అడగలేదు. బీరువా తీసి నన్ను తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ఇన్నాళ్లూ ఎవురూ తడపలేదా మేడం?"

"నువ్వు రాందే ఎట్ల తడుపుతారే?"

సుంకమ్మ రిబ్బను ముడి విప్పలేక పంటితో విప్పింది. గిన్నెలో పెట్టి, సీసా ఎత్తి, ఆగిపోయింది. "ఇచ్చుకుంటాదిలే మేడం. సచ్చినేది గూడా ఇచ్చుకుంటాది. పచ్చబడకపోతే?"

"అది తెలిసేదానికి రెండు మూడు దినాలు పడుతుంది. ఉండి చూసుకో."

"రేపు పొద్దున్నే బస్సు మేడం," అని చెప్పి నీళ్లు పోసింది.

నా బతుకులో నేను అంత భయపడింది ఎప్పుడూ లేదు. విచ్చుకోవడం నా చేతిలో పని, అది జరిగిపోయింది. కానీ లోపల ఒక పక్క కుళ్లిన సంగతి నాకు తెలుసు కదా! తెల్లవారేసరికి గిన్నె నిండా పరుచుకుని ఉన్నాను, నా తోడు రంగులోనే. సుంకమ్మ వచ్చి చూసి, గడ్డం బల్లకు ఆనించి పక్కన కూర్చుంది.

కాసేపటికి సంచి భుజాన వేసుకుని మారెప్ప వచ్చాడు. "పా మే, బస్సొస్తాది. మీయమ్మ ఆడ కాసుకోనుంది."

"నేను రాను నాయనా. ఇది పచ్చబడేదాకా యాడికీ రాను."

టీచరు అందుకుంది. "చిన్నోడు ఇంక బడికి పోతాడంట కదప్పా. వానికి కాపలా ఎందుకు? ఆడపిల్లల హాస్టల్లో సీటుంది, నేను చేర్పిస్తా."

మారెప్ప సంచి దించలేదు. గొంతు మాత్రం తగ్గింది. "రెండేండ్లు పుస్తకం పట్టలేదు మేడం. ఎండిపోయినేదానికి సదువు ఎక్కుతాదా? సిన్నపిల్లోల్ల పక్కన కూకోని నగుబాటు అయితాదేమో నా బిడ్డ."

"ఎక్కకపోతే నేనే వస్తా నాయనా," అంది సుంకమ్మ. "సూడకనే యట్ల పోవాల?"

దూరంగా బస్సు హారన్ మోగింది. మారెప్ప వంగి నన్ను చూశాడు. గోధుమరంగు తప్ప నాలో చూడటానికి ఏమీ లేదు. ఎప్పుడూ ఎవరికీ మొక్కని నేను ఆ క్షణం, ఒక్క ఆకైనా పచ్చబడనీ అని ఎవరికో మొక్కాను. ఏమీ కాలేదు. అతను ప్రయాణానికి తెచ్చుకున్న సీసా తీసి గటగటా తాగాడు. ఆఖరి గుక్క మిగిలింది. నావైపు చెయ్యి చాచాడు. ఎక్కువైతే కుళ్లుతుందని చెప్పడానికి సుంకమ్మ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆ గుక్క నీళ్లు నా నడిమిన పడ్డాయి. "జాగర్త మేడం," అనేసి, కూతురి తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, వెనక్కి చూడకుండా బస్సు వైపు పరుగెత్తాడు.

మూడో రోజు పొద్దున నా ఎడమ పక్కన సన్నటి పచ్చని గీత వచ్చింది. సాయంత్రానికి సగం మొక్క పచ్చబడింది. కుళ్లిన సగం అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ అంతే. సుంకమ్మ గిన్నెను రెండు చేతులా పట్టుకుని బావురుమంది. టీచరు బోర్డు వైపు తిరిగి, ఏమీ రాసి లేని బోర్డును చాలాసేపు తుడిచింది.

ఆ పిల్ల తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుంది, నగుబాటూ పడింది, పదీ పాసైంది. తర్వాత పై చదువుకు అనంతపురం వెళ్లింది. శమంతకమణి టీచరు బదిలీ అయింది. నన్ను తీసుకుపోదామని సంచిలో పెట్టుకుని, గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి బీరువాలో పెట్టింది. కొత్త టీచరు ఏడాదికొకసారి నన్ను తడుపుతుంది. పిల్లలు గడ్డాలు బల్లకు ఆనించి చూస్తారు. సగమే ఎందుకు పచ్చబడిందని అడుగుతారు. చెప్పే టీచరు ఇప్పుడు ఇక్కడ లేదు.

మారెప్ప కట్టడం పని ఇంకా మానలేదు. శ్రావణంలో జాతరకు వచ్చి, తిరిగి పోయే రోజు పొద్దున బడి కిటికీ దగ్గర ఆగుతాడు. ఆ రోజుకు నన్ను తెచ్చి గట్టు మీద పెట్టాలని ఈరమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఇప్పుడు తనకు నేను కొబ్బరిపీచును కానుగా. సీసా ఎత్తి తాగుతాడు, మిగిలిన గుక్కను ఊచల మధ్య నుంచి నా మీద పోసి బస్సుకు పోతాడు. వేళ కాని వేళ పడిన తడి నాకు మంచిది కాదు. ఆ ఒక్క గుక్కకు నా కొమ్మలు సగం విచ్చుకుని, మళ్లీ ముడుచుకోవడానికి పడే అవస్థ నాకే తెలుసు. వద్దనడానికి నాకు నోరు లేదు. ఉన్నా అనను.