చెవులతో దాటే రోడ్డు

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి గేమ్ జామ్ అనే ఆన్‌లైన్ పోటీకి అంశం ప్రకటించారు: ‘ఇంకొక్క అడుగు’. అక్కణ్ణుంచి డెబ్బై రెండు గంటలు గడువు. లాంగ్ వీకెండ్ కాబట్టి సెలవైన సోమవారం నాలుగయ్యేలోగా ఒక వీడియో గేమ్‌ను మొదటినుంచీ తయారుచేసి పోటీ సైట్‌లో పెట్టాలి. ఏ దేశం వాళ్లయినా ఇంట్లో కూర్చునే పాల్గొనవచ్చు. ఈసారి రెండు వందల పైచిలుకు జట్లు పేర్లిచ్చాయి. వాటిలో ఒకటి ఖైరున్నీసా, భానుశ్రీల జట్టు.

ఇద్దరూ దేశం దాటి వచ్చి పారమట్టా నగరంలో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. భానుశ్రీది కాకినాడ, ప్రోగ్రామర్. ఖైరున్నీసాది నంద్యాల. నలభై రెండేళ్ల మనిషి. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడంలో ఆఫీసంతటికీ ఆమె తర్వాతే ఎవరైనా. కానీ రెండేళ్లుగా ఆమె చూపు అంచులనుంచి కుంచించుకుపోతూ వస్తోంది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది కాస్త గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది, అదీ మసగ్గా. తెరమీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాన్ని వింటూ పనిచేస్తుంది.

“అక్కా, గేమ్ నేను చేసేస్తానండీ. మీరు ఆడి టెస్ట్ చేసి పెట్టండి చాలు” అంది భానుశ్రీ ఫోన్లో.

“నాకు కనపడని గేమ్ నేనెట్ల టెస్ట్ చేసేది భానూ? బొమ్మలే లేని గేమ్ చేద్దాం. స్క్రీన్ నల్లగా ఉంటాది. అంతా శబ్దమే. ట్రెయిన్ దిగి, వినుకుంటా ఇల్లు చేరాల. అంతే.”

“బొమ్మల్లేకపోతే ఎవరాడతారక్కా?”

“ఆడేట్టు చేద్దాం.”

శనివారం పొద్దున ఖైరున్నీసా రికార్డర్ పట్టుకుని రౌస్ హిల్ మెట్రో స్టేషన్‌నుంచి తన ఇంటిదాకా నడిచింది. ఆమె చూపు తగ్గినప్పటినుంచీ ఎక్కడికైనా కారులో దింపడానికే అలవాటుపడ్డ భర్త జలీల్ తోడు వస్తానన్నాడు.

“రా. కానీ దూరంగా రా. నీ చెప్పుల చప్పుడు రికార్డయితాది” అంది ఆమె.

మెట్రో తలుపులు మూసుకునే ముందు కూసే కూత, ఎస్కలేటర్ రొద, షాపింగ్ సెంటర్ బయట ట్రాలీలు ఒకదానిలో ఒకటి దూరే చప్పుడు, చెట్టుమీద మ్యాగ్‌పై పిట్ట అరుపు, అన్నీ రికార్డ్ చేసుకుంది. పెద్ద రోడ్డు దగ్గర సిగ్నల్ స్తంభం పక్కన నిలబడింది. ఆగమన్నప్పుడు ఆ స్తంభం నిదానంగా టక్, టక్ అంటుంది. నడవమన్నప్పుడు గబగబా కొట్టుకుంటుంది. ఇంతలో ఒక కారు మలుపు తిరుగుతూ కాలిబాట అంచు రాసుకుంటూ పోయింది. జలీల్ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

“వదులు జలీల్. కారు వచ్చేది నాకు వినపడింది. నువ్వు లాగితేనే రికార్డింగ్ పాడైపాయ.”

ఆ ఒక్క సిగ్నల్ చప్పుడు కోసమే మరి మూడుసార్లు సిగ్నల్ మారేదాకా అక్కడే నిలబడింది. చివరికి ఇంటి ముందు పక్కింటి కుక్క మొరుగుడు కూడా రికార్డ్ చేసుకుంది.

ఆదివారం ఉదయానికి భానుశ్రీ ఆ శబ్దాలతో నడకంతా గేమ్‌గా కట్టి పంపింది. బాణం మీటలు నొక్కితే అడుగులు పడుతున్నాయి, పక్కకు తిరగవచ్చు కూడా. కానీ ఎటు తిరిగినా సిగ్నల్ చప్పుడు ఎడమ చెవిలోనే ఉండిపోతోంది. చెవులమీదే నడవాల్సిన ఆటలో చెవే అబద్ధం చెబితే ఎవరూ ఇల్లు చేరరు. ఆ తప్పేమిటో చూసేలోపే భానుశ్రీకి ఆఫీసునుంచి పిలుపు వచ్చింది. క్లయింట్ సిస్టం పడిపోయింది, రోజంతా అక్కడే ఉండాలి.

“ఈసారికి వదిలేద్దామక్కా. నెక్స్ట్ జామ్‌కి ఎర్లీగా స్టార్ట్ చేద్దాం.”

“నువ్వు పోయిరా. ఫైళ్లన్నీ నాకు పంపు.”

“ఎనిమిది వందల లైన్ల కోడ్ అక్కా. మీకు చదవాలంటే...”

“చదవనులే. వింటా.”

విన్నది. లైను తర్వాత లైను, ప్రతి బ్రాకెట్టూ, ప్రతి కామా. మధ్యాహ్నం అయ్యేసరికి ఒక సంగతి తేలింది. కోడ్‌లో తప్పు లేదు. మరైతే తప్పు శబ్దంలోనే ఉండాలి. అన్నం కూడా తినకుండా దాన్ని గురించే ఆలోచిస్తూ కూర్చుంది. ఆమె రికార్డర్ రెండు మైకులతో పనిచేస్తుంది. సిగ్నల్‌ను రికార్డ్ చేసినప్పుడు స్తంభం ఆమెకు ఎడమపక్కన ఉంది. ఆ ఎడమ అన్నది రికార్డింగ్‌లోనే ముద్రపడిపోయింది, ఇక ఎటు తిప్పినా తిరగదు. రెండు మైకుల శబ్దాన్ని ఒక్కటిగా కలిపేస్తే, ఎటువైపునుంచి వినిపించాలో గేమ్ నిర్ణయిస్తుంది.

నలభై మూడు శబ్దాలు. ఒక్కొక్కటీ మార్చుకుంటూ వచ్చింది. చివరిది పెట్టి, ఆటలో కుడికి తిరిగింది. టక్, టక్ అన్న చప్పుడు ఎడమ చెవిలోంచి మెల్లగా జారి వీపు వెనక్కి పోయింది. ఆమె రెండు చేతులూ బల్లమీద పెట్టి గట్టిగా ఊపిరి వదిలింది.

అప్పుడు జలీల్‌ను పిలిచి హెడ్‌ఫోన్స్ ఇచ్చింది. అతను స్టేషన్ దాటడానికే పావుగంట తీసుకున్నాడు. రోడ్డు దగ్గర నాలుగుసార్లు కారు కిందపడ్డాడు. ఐదోసారి మీటలమీదినుంచి వేళ్లు తీసి, టక్కులు వేగం పుంజుకునేదాకా కదలకుండా విని, అప్పుడు దాటాడు. హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టాడు.

“రోజూ ఇట్లనేనా ఖైరూ?”

“రోజూ ఇట్లనే. నీకు కొత్త. నాకు అలవాటైంది.”

సోమవారమంతా గోడలకు గుద్దుకునే చోట్లు, ఆగిపోయే చోట్లు వెతికి సరిచేసింది. మూడున్నరకు భానుశ్రీ కూడా ఫోన్లోకి వచ్చింది. అంతా సిద్ధమని పంపబోతే సైట్ ఒప్పుకోలేదు. గేమ్‌లోని బొమ్మ ఒకటి తప్పనిసరిగా పెట్టాలట.

“మన దగ్గర బొమ్మెక్కడుందక్కా?”

“ఉంది కదా. నల్ల బొమ్మ పెట్టు.”

ఏమీ లేని నల్లటి చతురస్రం ఒకటి పెట్టారు. మూడూ యాభై ఒకటికి పంపినట్టు జవాబొచ్చింది.

రెండు వారాలు అందరి గేమ్‌లూ అందరూ ఆడి మార్కులు వేశారు. మొత్తంమీద వీళ్లది యాభై ఎనిమిదో స్థానం. శబ్దం విభాగంలో మాత్రం మూడోది. చాలామంది రోడ్డు దగ్గరే మానేశామని రాశారు. కొందరు మూడు రోజులు పట్టినా ఇల్లు చేరామని రాశారు.

ఒక్కరు మాత్రం నాలుగు నిమిషాల్లో చేరారు. బ్యాలరాట్ అనే ఊళ్లో ఉండే ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. పొగడ్తలేమీ రాయలేదు. ‘రోడ్డు దాటిన తర్వాత కుక్క ఇంకా రోడ్డవతలనుంచే మొరుగుతోంది. అది ఇంటి దగ్గరి కుక్క అయితే ఇవతల ఉండాలి కదా’ అని అడిగారు.

ఖైరున్నీసా ఆడి చూసింది. నిజమే. జీవితమంతా ఇతరుల తప్పులు పట్టిన మనిషి, తన తప్పు ఒకరు పట్టినందుకు మూడో స్థానానికన్నా ఎక్కువ సంతోషపడింది. కుక్కను పక్కింట్లోకి మార్చి, ఇంకేమైనా ఉంటే చెప్పమని ఆయనకు రాసింది.

మర్నాడు మరో పదకొండు తప్పులు రాసి పంపారాయన. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటిదానితో మొదలుపెట్టింది.