పిట్టపిల్లల తూకం

పార్కులో అందరూ పిట్టలమ్మ అని పిలిచే ఆ పరిశోధకురాలు పొద్దుటినుంచీ గేటు వైపే చూస్తోంది. పురుగులమందు బళ్ళు బయట సిద్ధంగా ఉన్నాయి.

ఈ ఏడు చలి తొందరగా పోయింది. చెట్లు ముందే చిగురించాయి, చిగురు తినే గొంగళిపురుగులూ ముందే వచ్చి వెళ్ళిపోయాయి. పిట్టలు మాత్రం పాత లెక్కకే గుడ్లు పెట్టాయి. పిల్లలు నోళ్ళు తెరిచేసరికి మిగిలినవి వెనకబడ్డ నాలుగు పురుగులు. వాటినీ చంపడానికి తోటల శాఖ ఏటా ఒకే తేదీకి మందు కొడుతుంది. కాలం మారినా తేదీ మారదట! ఆపమని కాళ్ళరిగేలా తిరిగితే అధికారి చివరికి ఒక్క మాటన్నాడు: "నిన్నటికంటే పిల్లలు బరువు తగ్గాయని నా కళ్ళముందు చూపించండి, ఆపేస్తాను."

తగ్గుతాయని ఆమెకు తెలుసు. అయినా మెతుకంత తిండి పెట్టలేదు. చూడాలే గానీ చెయ్యి పెట్టకూడదన్నది ఆ పనికి మొదటి నియమం.

అధికారి చూస్తుండగా, ఆమెకు రోజూ సాయం వచ్చే మేనత్త నిచ్చెన పట్టుకుంది. పిట్టలమ్మ చెక్కగూటిలోంచి పిల్లను తీసి, గుడ్డసంచిలో వేసి తక్కెడకు తగిలించింది. ముల్లు నిన్నటి గీత దాటింది. పక్క గూటిలోనూ అంతే. మందు ఇక ఆగదని ఆమెకు అర్థమైంది. బతికాయి కదా అని సిగ్గులేని సంతోషమూ కలిగింది.

"నిక్షేపంలా ఉన్నాయే!" అన్నాడు అధికారి.

కింద అత్త మొహం వెలిగిపోతోంది.

"అత్తా, ఏం చేశావు?"

"నిన్న చేపల ఎర అమ్మే కొట్లో పురుగులు కొనుక్కొచ్చి పెట్టానే. ఈ మోకాళ్ళతోనే ఎక్కాను."

"అన్ని గూళ్ళకీనా? తూచి చూపించడానికి ఒక్కటీ వదల్లేదా?"

"ఒకదానికి పెట్టి ఇంకోదాని నోరు కొడతామా?"

పిట్టలమ్మ అధికారికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నవ్వాడు. "పెద్దావిణ్ణి ముందుకు తోస్తే ఎలాగమ్మా? తూచింది మీరు, చూసింది నేను." గేటు వైపు చెయ్యి ఊపాడు. బండి ఇంజను మోగింది.

"ఒక్క రోజు ఆగాల్సింది!" అంది పిట్టలమ్మ కోపంగా, అత్త వైపు తిరిగి.

"ఆ షరతు సంగతి నాకు చెప్పి ఏడ్చావా? అయినా ఆగితే ఇవి బతికుండేవా?" అంది అత్త.

గూటిలో పిల్లలు ఆమె నీడను చూసి నోళ్ళు తెరిచాయి. మందు వాసన అప్పుడే ముక్కుకు తగిలింది.

"అత్తా," అంది పిట్టలమ్మ నిచ్చెన దిగుతూ, "ఆ కొట్టెక్కడుందో చూపించు."